అమ్మను మోసిన భుజం

ఫిరోజా ఎవరినీ నమ్మదు. ఇది ఆమె మీద నింద కాదు, ఆమె ఉద్యోగమే అది. కర్నూలులో ఒక బట్టల దుకాణం పైన, రెండో అంతస్తులో, ఎనిమిది కంప్యూటర్లున్న చిన్న ఆఫీసులో పదేళ్లుగా ఆమె చేస్తూ వచ్చిన పని అదే. నెలనెలా జీతం తీసుకుని మరీ మనుషులను అనుమానించేది.

ఆఫీసు యజమాని లక్ష్మన్న. ఆదోనిలో పత్తి దలాలీ చేసి చేసి, విసుగు పుట్టి షేర్ మార్కెట్లోకి దిగినవాడు. మనుషులు కూర్చుని కొని అమ్మే కాలం పోయిందని అందరికంటే ముందే పసిగట్టి, ధరలు చూసుకుంటూ దానంతటదే కొని, దానంతటదే అమ్మే ప్రోగ్రాం ఒకటి రాయించుకున్నాడు. రాసింది ఇద్దరు. ఏది కొనాలి, ఎప్పుడు కొనాలి అని తేల్చే సగం ఫిరోజాది. తేల్చినదాన్ని రెప్పపాటులో మార్కెట్టుకు చేర్చే సగం హనుమేష్‌ది. పొద్దున తొమ్మిదింబావు నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఆగకుండా తిరుగుతుంది కాబట్టి లక్ష్మన్న దానికి గానుగ అని పేరు పెట్టాడు. ఇలాంటి గానుగకు ఉన్న విలువంతా దాని రహస్యంలోనే. ఇంకొకడి చేతిలో పడిందా, వాడు మనకంటే ఒక్క క్షణం ముందు అదే పని చేస్తాడు, మనకు పిప్పి మిగులుతుంది.

ఆ రహస్యానికి కాపలా ఫిరోజా. అది ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్యే అనుకోవచ్చు. తండ్రి ఇస్మాయిల్ వన్‌టౌన్‌లో తాళాలు బాగుచేసేవాడు. ఎవరికైనా కొత్త తాళంచెవి చేసిచ్చాడంటే, మైనంలో తీసుకున్న అచ్చును వాళ్ల కళ్ల ముందే నలిపి వాళ్ల చేతిలోనే పెట్టేవాడు. "ఇది నా దగ్గరుంటే, మీ ఇంట్లో చెంచా పోయినా నాకు నిద్ర పట్టదప్పా" అనేవాడు. ఆయన పోయాక తల్లి మదార్ బీ బొంతలు కుట్టి పిల్లలిద్దరినీ పెంచింది. ఫిరోజాను వేంపల్లెలో ఇచ్చారు. రెండేళ్లకు తిరిగొచ్చింది. ఎందుకొచ్చిందని వీధిలో ఆడవాళ్లు గుచ్చి గుచ్చి అడిగితే మదార్ బీ బొంతలోంచి సూది పైకి లాగుతూ, "నా బిడ్డ కంప్యూటర్ చేస్తాది. ఆయప్ప వద్దన్నాడు. ఇంగేం కావాల మీకు?" అని కసిరేది. ఇంక ఎవరికి నోరు లేస్తుంది?

ఫిరోజా పెట్టిన రూళ్లు మామూలువి కావు. ఎవరి ఫోనైనా సరే గుమ్మం దగ్గర చెక్కపెట్టెలో పెట్టి లోపలికి రావాలి. కంప్యూటర్లకు పెన్‌డ్రైవ్ పెట్టే సందులన్నిటినీ ఆమె తన చేత్తోనే ఎం-సీల్ పిసికి పూడ్చేసింది. ఒకరి సగం ప్రోగ్రాం ఇంకొకరు తెరవకూడదు. ఆమె సగం తెరవాలంటే ముందు పాస్‌వర్డ్ కొట్టాలి, తర్వాత ఆమె ఫోన్‌కు వచ్చే ఓటీపీని పెట్టె దగ్గరికి పోయి చూసుకొచ్చి కొట్టాలి. ఎవరు, ఏ నిమిషంలో, ఏం తెరిచారో కంప్యూటర్ తనే రాసిపెట్టుకుంటుంది. అందరి చేతా సంతకాలు పెట్టించిన కాగితంలో ఏడో రూలు ఇలా ఉంటుంది: పాస్‌వర్డ్ పక్కవాళ్లకు చెప్పినవాళ్లు కూడా దొంగతో సమానమే.

లక్ష్మన్న అది చదివి నవ్వాడు. "నన్ను గూడా నమ్మవామ్మా?"

"మిమ్మల్ని నమ్మేటట్లయితే ఈ కాగితమెందుకు సార్?"

చెక్కపెట్టెకు కాపలా జయరాజ్. యాభై దాటిన మనిషి, అంతకు ముందు బ్యాంకు దగ్గర వాచ్‌మన్. ఎనిమిదికి ఆఫీసు తెరిచేది ఆయనే, వచ్చినవాళ్ల పేరూ టైమూ రిజిస్టరులో రాసేదీ ఆయనే. ఆదివారం చర్చి నుంచి ఇంటికి పోతూ కూడా ఒకసారి మెట్లెక్కి తాళం లాగి చూసిపోయేవాడు. అలాంటివాళ్లు దొరకడం కష్టం.

హనుమేష్‌ది కోసిగి దగ్గర పల్లె. తండ్రి చిన్న ఈరన్న బేతంచెర్లలో ఇరవై ఏళ్లు బండలకు పాలిష్ పట్టి, ఊపిరితిత్తుల నిండా ఆ దుమ్మే నింపుకుని ఇల్లు చేరాడు. తల్లి హనుమంతమ్మ కూలికి పోయి కొడుకును ఇంజనీరును చేసింది. కర్నూలులో గదిలో ఒక్కడే ఉంటాడని మదార్ బీ అతణ్ణి ఆదివారం ఆదివారం భోజనానికి పిలిచేది. "మా హనుమేసు" అనేది. చిన్న ఈరన్న దగ్గుతో పడుకోలేకపోతున్నాడని విని, మందంగా ఒక బొంత కుట్టి పంపింది. హనుమేష్ ఆ ఇంట్లో మనిషైపోయాడు. ఎవరినీ నమ్మని ఫిరోజా కూడా ఆఫీసు గుమ్మం దాటి బయటికి వస్తే అతణ్ణి తమ్ముడిలాగే చూసింది. లోపల మాత్రం రూలు రూలే.

ఒక మంగళవారం తెల్లవారుజామున మదార్ బీ నమాజుకని లేచి, వజూకు కాళ్లూ చేతులూ కడుక్కుంటూ కూలిపోయింది. ఆస్పత్రి దాకా కూడా పోలేదు.

పది గంటలకు ఇంటి నిండా జనం. లోపల శవానికి గుసుల్ స్నానం చేయించడానికి నీళ్లు కాగుతున్నాయి. హనుమేష్ గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఫిరోజా బయటికి వస్తే, "అక్కా, ఈ పొద్దు అడగరాదు. గానుగ నిలిచిపాయె. నీ సగంలోనే యాడో తట్టుకొనింది. సార్ తల పట్టుకొని కూర్చున్నాడు" అన్నాడు.

తల్లి శవం లోపలుంది. మార్కెట్ బయట నడుస్తోంది. ఫిరోజా అతని చెవి దగ్గరికి వంగి పాస్‌వర్డ్ చెప్పింది. అతను ఆఫీసుకు పోయి ఫోన్ చేస్తే, వచ్చిన ఓటీపీ చూసి అదీ చెప్పింది. ఏడో రూలు రాసింది తనేనన్న సంగతి ఆ క్షణంలో ఆమెకు గుర్తే లేదు. ఉండాలని ఎవరైనా అంటే, వాళ్లకు తల్లి చావలేదని అర్థం.

గానుగను తిప్పి హనుమేష్ మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. జొహర్ నమాజయ్యాక జనాజా లేచింది. అతను తలకు రుమాలు కట్టుకుని, ముందు కుడివైపు కొమ్మును భుజానికెత్తుకున్నాడు. ఖబరస్తాన్ రెండు కిలోమీటర్లు. మిగతావాళ్లు పది అడుగులకొకసారి మారుతున్నారు, అతను మాత్రం మారలేదు. భుజం కమిలిపోయిందని ఫిరోజా తమ్ముడు మన్సూర్ తర్వాత చూసి ఏడ్చాడు. హనుమేష్ అందరితో పాటు మూడు పిడికిళ్ల మన్ను వేశాడు. "కడుపున పుట్టినోడు గూడా ఇట్ల మొయ్యడు" అని వీధంతా చెప్పుకుంది.

మూడో రోజు గురువారం, పోయినవాళ్ల కోసం ఖురాన్ చదివే జియారత్. ఎనిమిది గంటలప్పుడు ఫిరోజా ఆడవాళ్ల మధ్య కూర్చుని ఖురాన్ చదువుతోంది. ఆమె ఫోన్ వంటింట్లో మరదలు దిల్షాద్ దగ్గర ఉంది.

ఇరవై రోజులు గడిచాయి. ఫిరోజా ఆఫీసుకు పోతోంది, వస్తోంది. గానుగ ఎందుకో నీరసించింది. మొదట లక్ష్మన్న మార్కెట్టే బాగాలేదనుకున్నాడు. ఫిరోజా నాలుగు రోజులు లెక్కలు గుచ్చి గుచ్చి చూసింది. తాము కొనబోయేదాన్ని ఎవరో ఒక్క క్షణం ముందు కొంటున్నారు. తాము అమ్మబోయేదాన్ని ఎవరో ఒక్క క్షణం ముందు అమ్ముతున్నారు. ఒకసారి కాదు, పది కాదు, ప్రతిసారీ. ఆమె లేచి లక్ష్మన్న దగ్గరికి పోయింది. "సార్, మన గానుగ ఇంగో చోట తిరుగుతాంది" అంది.

లక్ష్మన్న అప్పటికప్పుడు పోలీసుల దగ్గరికి పోయాడు. కంప్యూటర్ రాసిపెట్టుకున్న చిట్టా తీస్తే, ఆ గురువారం పొద్దున ఎనిమిదీ ఎనిమిదికి ఫిరోజా సగం తెరుచుకుంది. ఎనిమిదీ ముప్పై ఒకటి దాకా పేజీ తర్వాత పేజీ కదిలింది. తెరిచింది ఫిరోజా పేరుతోనే. కానీ ఫిరోజా ఆ పొద్దు ఇంట్లో నలభై మంది ఆడవాళ్ల మధ్య ఉంది. మరి ఆఫీసులో ఎవరున్నారు? తాళం జయరాజ్ దగ్గర. రిజిస్టరులో తొమ్మిదికి ముందు ఏ పేరూ లేదు.

"హనుమేష్ సార్ వచ్చినాడు" అన్నాడు జయరాజ్. "మళ్ల రాయలేదేం?" అన్నారు పోలీసులు. "రాయొద్దులే అన్నా, అయిదు నిమిషాల్లో చూసుకొని జియారత్‌కు పోవాల అన్నాడు. సావు ఇంటికి పోయే మనిషి కదా అని ఫోన్ గూడా పెట్టెలో పెట్టించుకోలేదు."

హనుమేష్‌ను అడిగితే తను తొమ్మిదికి ముందు రాలేదన్నాడు. ఇంజనీరు మాట ఒకవైపు, వాచ్‌మన్ మాట ఒకవైపు. ఎవరి మాట నెగ్గిందో వేరే చెప్పాలా? జయరాజ్‌ను స్టేషన్‌లో కూర్చోబెట్టారు. శనివారం లోపల చిట్టా మొత్తం చదివి రాసివ్వమని ఫిరోజాకు చెప్పారు. అది చదవగలిగింది ఆమె ఒక్కతే.

ఆమె చిట్టా చూడకముందే తన ఫోన్ చూసుకుంది. గురువారం, ఎనిమిదీ ఏడుకు ఓటీపీ. అదే నిమిషంలో హనుమేష్ నుంచి ఫోన్, ఎత్తి మాట్లాడినట్టు. ఫిరోజా వంటింట్లోకి పోయి దిల్షాద్‌ను అడిగింది.

"అవును ఆపా, హనుమేసన్న చేసినాడు. అక్కను కదిలించొద్దు, ఆఫీసుది ఆరంకెలు వచ్చింటాది, చదువమ్మా అన్నాడు. చదివినా. మనకు అంత చేసిన మనిషి కదా." దిల్షాద్ చేతిలో గరిటె అలాగే ఉంది. "ఏమాపా? తప్పు చేస్తినా?"

"నువ్వు కాదు. పాస్‌వర్డ్ మార్చకుండా మూడు దినాలు ఏడుస్తా కూర్చుంది నేను" అంది ఫిరోజా.

గుమ్మంలో తను చెప్పిన మాట, వంటింట్లో దిల్షాద్ చదివిన అంకెలు, మెట్ల దగ్గర జయరాజ్ పెట్టెలో పెట్టించుకోకుండా వదిలేసిన హనుమేష్ ఫోన్. పదేళ్లు కట్టిన కోట ఒక చావింటి మర్యాదకు కూలిపోయింది. కంప్యూటర్ తెర మీద పేజీలను ఒక్కొక్కటే ఫోన్‌తో ఫోటో తీసుకుని పోయాడు. ఎం-సీల్ పెట్టిన సందులు పెట్టినట్టే ఉన్నాయి.

మన్సూర్ సంగతి విని గోడకు చేరగిలబడ్డాడు. "చెప్పొద్దు ఆపా" అన్నాడు అక్కతో.

"జయరాజన్న స్టేషన్‌లో కూర్చోనుండాడు."

"రెండు దినాలుంచి వదిలేస్తారు. అమ్మను మోసినోడిని నువ్వు పట్టిస్తే, రేపు మనింట్లో ఎవరన్నా పోతే ఏ భుజం వస్తాది? ఆ ఫోన్‌లో ఒక వరస తుడిపెయ్యి. ఎవరికి తెలస్తాది? చెప్తే నీ పని గూడా పోతాది. ఆ ఏడో రూలో ఏమో, నువ్వే రాసింటివి కదా!"

నిజమే. ఒక్క వేలు కదిలిస్తే చాలు. ఆమె ఏది రాసిస్తే లక్ష్మన్నకు అదే సత్యం. శుక్రవారం మధ్యాహ్నం ఆమె హనుమేష్‌ను హంద్రీ వంతెన దగ్గర టీ అంగడికి రమ్మంది. ఫోన్ తీసి ఆ గురువారం వరసను అతని ముందు పెట్టింది.

అతను బుకాయించలేదు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, "దుడ్లకోసం గాదక్కా" అన్నాడు. "ఏడేండ్లు రాసినా. సగం నాదే. ఆ సార్ యాడన్నా ఒక చోట నా పేరు చెప్పినాడా? హైదరాబాదోళ్లు రమ్మన్న్యారు. రెండు సగాలూ తెస్తేనే పని అన్న్యారు. మా నాయన ఊపిరాడక కొట్టుకుంటాండాడు. ఈడుండి ఏం చేసేది?"

ఫిరోజా అడగాలనుకున్నది అది కాదు. "ఒకటి చెప్పు. అమ్మను మోసేటప్పటికే అనుకొనింటివా?"

హనుమేష్ తల తిప్పి వంతెన వైపు చూశాడు. వంతెన మీద లారీలు పోతున్నాయి.

"పొద్దున నువ్వు చెవిలో చెప్తివి చూడు, అప్పుడే అనుకొన్యా" అన్నాడు చివరికి. "అయితే ఏడుపు అబద్ధం గాదక్కా. అమ్మ మీద ఒట్టు. మోసింది నిజంగానే మోసినా."

ఫిరోజాకు అతణ్ణి చెంప మీద కొట్టాలనిపించింది. అంతకంటే ఘోరం, అతని మాట నమ్మాలనిపించింది. నమ్మింది కూడా. అదే ఆమెను ఎక్కువగా కాల్చింది. దొంగ ఏడుపైతే సులువుగా ఉండేది. "నువ్వే పోయి ఒప్పుకో. జయరాజన్న బయటికి రావాల" అంది. అతను తల అడ్డంగా ఊపాడు. "మా నాయన తట్టుకోడు. నన్ను వదిలెయ్ అక్కా. నీ కాళ్లు పట్టుకుంటా." టీ అంగడి ముందు, జనంలో, నిజంగానే వంగాడు. ఫిరోజా లేచి వచ్చేసింది.

ఆ సాయంత్రం ఇంటికి పోతూ స్టేషన్ దగ్గర ఆటో ఆపించింది. బయట బెంచీ మీద జయరాజ్ భార్య అన్నం డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. లోపలికి పంపడం లేదట. "మా ఆయప్ప పెట్టె తాళం మరిచిపోయినాడేమో గానీ, దొంగతనం చెయ్యడమ్మా. నీకు తెలుసు కదా" అంది ఆమె.

శనివారం ఫిరోజా రాసిచ్చింది. తుడపలేదు, దాచలేదు. గుమ్మంలో పాస్‌వర్డ్ చెప్పింది తనేనని మొదటి వాక్యంలోనే రాసింది. లక్ష్మన్న ఆ కాగితం రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి, "నీ రూలేనమ్మా. నేనేం చేసేది?" అన్నాడు. ఆమె తన కుర్చీలోంచి లేచి, చెక్కపెట్టెలోంచి తన ఫోన్ తనే తీసుకుని మెట్లు దిగింది. ఆ సోమవారం నుంచి గానుగ కూడా తిరగలేదు. నలుగురికి తెలిసిన రహస్యంతో ఏం గానుగ ఆడుతుంది?

జయరాజ్ బయటికి వచ్చాడు. కుడిచేయి సరిగ్గా లేవడం లేదు. ఫిరోజా ఇంటికి వచ్చి గుమ్మం బయటే నిలబడి, "నేను రాసింటే సరిపోయేది కదమ్మా, ఒక్క పేరు" అన్నాడు. హనుమేష్‌ను ఆదివారం గదిలోనే పట్టుకున్నారు. మన్సూర్ అక్కతో మాటలు మానేశాడు. వీధిలో ఆడవాళ్లు ఫిరోజా ఎదురైతే సలాం చెప్పి, రెండడుగులు పోయాక గుసగుసలు మొదలుపెట్టేవారు. మదార్ బీ నలభయ్యో రోజు ఫాతెహాకు వండిన అన్నం సగానికి సగం మిగిలిపోయింది. ఫిరోజా ఆ గిన్నెల ముందు కూర్చుని గట్టిగా ఏడ్చింది. తల్లి పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

అది జరిగిన మూడో రోజు మన్సూర్ పొద్దున్నే చొక్కా వేసుకుంటూ, ఎన్నో రోజుల తర్వాత, గోడతో చెప్పినట్టు చెప్పాడు. "చిన్న ఈరన్న పోయినాడంట. పోతాండా. బదులు మొయ్యాల కదా. నువ్వూ రా."

బస్సులో ఇద్దరూ వేరు వేరు సీట్లలో కూర్చున్నారు. ఊరు చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. హనుమేష్‌ను పంపమని అతని చిన్నాన్న ముందు రోజు నుంచి జైలు దగ్గరే ఉన్నాడు. కోర్టు కాగితం రావాలన్నారు. కాగితం రాలేదు. ఎండకు శవాన్ని ఇంక ఆపలేమని పెద్దలు తేల్చారు. పాడె లేపే వేళకు, దాని ముందు కొమ్ముకు కుడివైపు ఎవరూ నిలబడలేదు. అది కొడుకు చోటు. మన్సూర్ తలకు రుమాలు కట్టుకుని ఆ చోటికి పోయి వంగాడు. ఎవరూ వద్దనలేదు. పూడ్చే పొలం గట్టుదాకా అతనూ భుజం మార్చలేదు.

ఫిరోజా ఆడవాళ్లతో ఇంటి దగ్గరే ఉండిపోయింది. తన పేరు వాళ్లకు తెలుసని ఆమెకు తెలుసు. తిడతారనుకుంది, కొట్టినా బాగుండేదనుకుంది. హనుమంతమ్మ లోపలికి పోయి, మడత పెట్టిన బొంత ఒకటి తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. మదార్ బీ కుట్టు. చుట్టూ ఎర్ర అంచు, మూలన ఆమె ఎప్పుడూ వేసే మూడు ముడులు.

"ఆయప్ప కడదాకా దీని మీద్నే పండుకొన్యాడు. సచ్చినోళ్ల పడక ఊరిబైట పారెయ్యాల. దీన్ని పారేసేకి నాకు చేతులు రాలేదు. తీసుకపో."

ఫిరోజా తల దించుకుంది. "అమ్మా, నేను చెప్పకపోతే ఇంగొకాయన..."

"తెలుసు. మావోడు చేసింది తప్పే. నేనేమన్నా కాదన్న్యానా?" హనుమంతమ్మ గొంతు పెంచలేదు. "మా పిల్లోడు మీయమ్మను మోసినాడు. మీ తమ్ముడు మా ఆయప్పను మోసె. ఆడికి సరిపాయె. మళ్ల గుంతలో ముందు మన్ను ఎయ్యాల్సిన నా కొడుకు యాడుండాడమ్మా? అది చెప్పు."

ఎవరు ఎప్పుడు ఎక్కడున్నారో నిమిషాలతో సహా రాసిచ్చింది ఫిరోజానే. మన్సూర్ తిరిగి వచ్చేదాకా బొంత ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చుంది. అతని భుజం కమిలిపోయి ఉంది.